మిల్లీలీటర్లను కప్పుల్లోకి మార్చాలంటే ముందు మీ కప్పును కొలవండి

తిరుపతి, చిత్తూరు పాత్రల అంగళ్లలో దొరికే కొలత కప్పుల్లో కొన్ని 240 మి.లీ.వి, కొన్ని 250వి. పిడి మీదో అడుగునో అంకె ఉంటుంది, చూడండి. అంకె లేని కప్పునూ, కాఫీ గ్లాసునూ కళ్లతో చూసి నమ్మొద్దు.

కిచెన్ స్కేలు మీద ఖాళీ కప్పు పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. గ్రాము నీళ్లంటే ఒక మిల్లీలీటరే కాబట్టి స్కేలు చూపించిన అంకే మీ కప్పు కొలత. స్కేలు లేకపోతే అర లీటరు నీళ్ల సీసా చాలు. రెండు కప్పులకు సీసా ఖాళీ అయితే కప్పు 250. నాలుగు చిన్న చెంచాల నీళ్లు మిగిలితే 240. రెండున్నర పట్టిందంటే అది 200 మి.లీ. గ్లాసు.

కొలత చెంచాల్లో చిన్నది 5 మి.లీ., పెద్దది 15. ఇక 250 కప్పుతో లెక్క ఇలా వస్తుంది: 100 మి.లీ. అంటే పావు కప్పు, రెండున్నర పెద్ద చెంచాలు. 150 అంటే అర కప్పు, ఒక పెద్ద చెంచా, రెండు చిన్న చెంచాలు. 300 కావాలంటే కప్పు నింపి, మూడు పెద్ద చెంచాలు, ఒక చిన్న చెంచా కలపండి. 750కి మూడు కప్పులు, లీటరుకు నాలుగు. అదే 240 కప్పయితే లీటరుకు నాలుగు కప్పుల మీద 40 మి.లీ. పడుతుంది, అంటే రెండు పెద్ద చెంచాలు, రెండు చిన్నవి.

అన్నీ ఒకే కప్పుతో కొలిస్తే కప్పు ఏదైనా వంట చెడదు, పాళ్లు మారవు గనక. పిండి తూకంతో తీసుకుని నీళ్లు గ్లాసుతో పోసినప్పుడే తేడా కొడుతుంది. రాగి సంగటికి 750 మి.లీ. ఎసరు కావాల్సిన చోట 200 గ్లాసుతో మూడు పోస్తే పడేది 600 మాత్రమే. పిండికి తడి చాలదు. తెడ్డుతో ఎంత గెలికినా ఉండల లోపల పొడి పిండి మిగిలిపోతుంది. ఆ గ్లాసుతో మూడు ముప్పావు పోయాలి.

గాజు కొలత కప్పును చేత్తో పైకెత్తి చూడొద్దు, గట్టు మీద పెట్టి మీరే వంగండి. పైనుంచి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. చిలికిన మజ్జిగయితే నురుగు అణిగాకే కొలవాలి.

గ్రాములు, మిల్లీలీటర్లు ఒకటే అనుకోవడం నీళ్ల వరకే సరి. పాలు దాదాపు అంతే. నూనె లీటరు సుమారు 910 గ్రాములే తూగుతుంది, కాబట్టి 100 గ్రాముల నూనె అంటే 110 మి.లీ. పోయాలి. మామిడి గుజ్జు దీనికి ఎదురు, నీళ్లకన్నా బరువు. మన చిత్తూరు వైపు తోతాపురి గుజ్జు 850 గ్రాముల డబ్బా తెరిస్తే సుమారు 800 మి.లీ. వస్తుంది, అంటే మూడు కప్పులు, పైన మూడు పెద్ద చెంచాలు. తేనె ఇంకా బరువు, కప్పుకు అంటుకుంటుంది కూడా. ముందుగా కప్పు లోపల నూనె రాస్తే కొలిచినదంతా జారి గిన్నెలో పడుతుంది.