సిల్కీ పిల్ల పుంజా, పెట్టా? నాణ్యత ఎంత? సమస్యలు - పరిష్కారాలు

సిల్కీ అంటే దూదిలాంటి ఈకలుండే కోడి జాతి. దాని పిల్లలు కొన్నవాళ్లు ఎప్పుడు ఫోన్ చేసినా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఇది పుంజా పెట్టా? పోటీకి (పందేనికి కాదు, జాతి లక్షణాలు చూసే ప్రదర్శనకి) పెట్టదగిన పిల్లేనా? రెండింటికీ ఒకే రోజు జవాబు దొరుకుతుందనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. వేళ్లు, చర్మం రంగు గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే చూడొచ్చు. పుంజో పెట్టో తేలడానికి నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పైనే పడుతుంది. కుచ్చు, గడ్డం నిండి పక్షి పూర్తి రూపం రావాలంటే ఎనిమిది నెలలైనా ఆగాలి. ఏది ఎప్పుడు చూడాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ముందు ఒక మాట. మన దగ్గర తల మీది కండనీ జుట్టే అంటారు, ఈకల గుత్తినీ జుట్టే అంటారు. సిల్కీకి రెండూ ఉంటాయి. అందుకని ఇక్కడ కండగా ఉండేదాన్ని తురాయి అనీ, ఈకల గుత్తిని కుచ్చు అనీ రాస్తున్నాను.

జోడీ అని ఇచ్చారు, రెండూ కూస్తున్నాయి

నాకూ ఇదే జరిగింది. సంతలో ఒకాయన రెండు నెలల తెల్ల పిల్లల్ని చూపించి, "ఇది పుంజు సార్, కుచ్చు చూడండి. ఇది పెట్ట" అని గట్టిగా చెప్పి ఇచ్చాడు. అయిదో నెలలో ఒకటి కూసింది. పది రోజులకి రెండోదీ అందుకుంది. అతను కావాలని మోసం చేశాడని నేను అనుకోను. రెండు నెలల సిల్కీని చూసి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

కారణం ఈ జాతి ఒంట్లోనే ఉంది. నాటుకోడి పిల్లల్లో అయితే ఆరేడు వారాలకే పుంజుపిల్ల తురాయి ఎర్రబడి, గొంతు కింద కండ దిగుతుంది. మూడో నెలకి మెడ మీద, వీపు మీద కోసుగా మెరిసే ఈకలు వస్తాయి. సిల్కీలో తురాయి చిన్నది, పైగా నల్లటి నేరేడు రంగు. గొంతు కింది కండని గడ్డం ఈకలు కప్పేస్తాయి. ఇక ఈకలంటారా, మామూలు ఈకలో పాయల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే సన్నటి కొక్కేలు సిల్కీ ఈకలో ఉండవు. ఈక మొత్తం దూదిలా విడిపోతుంది కాబట్టి కోసుగా ఉందో గుండ్రంగా ఉందో కనపడదు. నాటుకోళ్లలో మనం చూసే మూడు గుర్తులూ ఇక్కడ దాగిపోతాయి.

పరిష్కారం ఏమిటంటే, నాలుగు నెలల లోపు పిల్లల్ని జోడీగా కొనొద్దు. ఒకే పొదుగులో వచ్చిన అయిదారు పిల్లల్ని కలిపి తీసుకోండి. కాళ్లకి రంగు రింగులు వేసి, రెండు వారాలకోసారి ఒకే ఎత్తు నుంచి, ఒకే వెలుతురులో ఫొటో తీయండి. ఒంటరి పిల్లని చూస్తే ఏమీ తెలియదు, తోబుట్టువుల పక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. పదో వారం దాటాక వేలికొసలు తడి చేసుకుని, ముక్కు పైన కుచ్చుని రెండు పక్కలకీ పాయ తీయండి. పెట్ట అయితే సన్నగా, అణిగి ఉన్న చిన్న నల్లటి గీతలాంటిది కనిపిస్తుంది. పుంజు అయితే అదే చోట వెడల్పుగా, గరుకుగా, అక్రోటు పప్పులా ఉబ్బిన కండ వేలికి తగులుతుంది.

తర్వాత కుచ్చు చూడండి. పెట్ట కుచ్చు పత్తికాయ పగిలినట్టు గుండ్రంగా, ముందుకీ పక్కలకీ సమానంగా ఉంటుంది. పుంజు కుచ్చు వెనక్కి దువ్వినట్టు ఉంటుంది, అందులోంచి సన్నటి పొడుగాటి ఈకలు రెండో మూడో వెనక్కి వేలాడతాయి. మూడున్నర, నాలుగు నెలలకి ఆ పొడుగు ఈకలు కనిపిస్తే నేను పుంజు అనే రాసుకుంటాను. తురాయి, కుచ్చు రెండూ ఒకే మాట చెప్తే నమ్మొచ్చు. ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే ఇంకో నెల ఆగండి.

తురాయి ఉబ్బింది, కానీ కూయదు

ఇందులో రెండు అవకాశాలున్నాయి. ఒకటి, అది గుడ్డుకొస్తున్న పెట్ట కావచ్చు. ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య పెట్టకీ తురాయి కాస్త ఉబ్బుతుంది, రంగూ మారుతుంది. రెండు, అది పెద్ద పుంజుకి భయపడి గొంతెత్తని పుంజుపిల్ల కావచ్చు. మిగతావాటి కూత వినపడేంత దూరంలో దాన్ని నాలుగు రోజులు విడిగా పెట్టండి. పుంజైతే చాలాసార్లు తెల్లవారుజామున గొంతు విప్పేస్తుంది. చివరికి అనుమానం లేకుండా తేల్చేవి రెండే, కూత, గుడ్డు.

అందరూ చెప్పిన గుర్తులన్నీ చూశాను, తప్పయ్యాయి

కోసు గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అనే మాటకి ఆధారం లేదు. రెండు పిల్లలు రొమ్ములు విరుచుకుని తలపడితే అవి పుంజులనీ కాదు, పెట్టపిల్లలూ అలాగే కలబడతాయి. రెక్క ఈకల పొడుగు చూసి చెప్పే పద్ధతి హేచరీల్లో దానికోసమే కలిపిన జాతులకి మాత్రమే పని చేస్తుంది. రోజు పిల్ల వెనక భాగం తెరిచి చూడటం ఏళ్ల తరబడి చేతికొచ్చిన విద్య. ఇంట్లో ప్రయత్నిస్తే ఆ చిన్న ప్రాణానికి దెబ్బ తగులుతుంది. దయచేసి చేయకండి.

ఒక్క గుర్తు మాత్రం నిజంగానే ఉంది, అయితే అది సంకరానికే, అంటే వేరే జాతితో కలిపిన పిల్లలకే. బేట్‌సన్, పనెట్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1911లో ప్రచురించిన ప్రయోగాల్లో, సిల్కీ పుంజుని బ్రౌన్ లెగ్‌హార్న్ అనే వేరే జాతి పెట్టలతో కలిపినప్పుడు, ఆడపిల్లల చర్మం బాగా నల్లగా, మగపిల్లల చర్మం లేత రంగులో వచ్చింది. చర్మంలో నలుపుని అణిచే జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉండటమే కారణం. శుద్ధ సిల్కీలో ఆడా మగా రెండూ నలుపే, కాబట్టి అక్కడ ఇది పనికిరాదు.

తొందరగా తేలాల్సిందే అంటే, చిలుకలకి చేయించే డీఎన్‌ఏ పరీక్ష కోళ్లకీ పని చేస్తుంది. మొదలుతో సహా పీకిన తాజా ఈకలు పంపాలి, కిందపడిన ఈకలు వద్దు. పెంపకానికి దాచుకునే ఒకటి రెండు మంచి పిల్లలకైతే ఆ ఖర్చు పెట్టొచ్చు.

కాలికి నాలుగు వేళ్లే ఉన్నాయి, లేదా అయిదోది నేలకి ఆనుతోంది

ఇప్పుడు నాణ్యత సంగతి. మొదటి రోజు బల్బు కింద పిల్లని వెల్లకిలా అరచేతిలో పెట్టుకుని రెండు పాదాలూ చూడండి. ప్రతి కాలికీ అయిదు వేళ్లుండాలి. నాలుగోది నేల మీద ఆనాలి, దాని పైనుంచి బయల్దేరే అయిదోది నాలుగోదానికి అంటుకోకుండా విడిగా, పైకి వంపు తిరగాలి. నాలుగే ఉన్నా, ఆరున్నా, రెండు వేళ్లు మొదట్లో అతుక్కున్నా అది పుట్టుకతో వచ్చిన లోపం, మందు లేదు. పోటీకి, పెంపకానికి పక్కన పెట్టి ఇంట్లో ముద్దుగా పెంచుకోండి. అలాంటి పెట్టలు పొదుగుకి బ్రహ్మాండంగా కూర్చుంటాయి.

దీన్ని తిప్పి మాత్రం నమ్మకండి. అయిదు వేళ్లున్నాయి కాబట్టి శుద్ధ సిల్కీ అని చెప్పి అమ్ముతుంటారు. అయిదో వేలి గుణం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినా పిల్లలో కనపడుతుంది, నాటుకోడితో కలిపినా వస్తుంది. దూది ఈక అలా కాదు, తల్లిదండ్రులిద్దరూ ఇస్తేనే వస్తుంది. తొలి సంకరంలో పిల్లలన్నీ మామూలు ఈకలతోనే ఉంటాయి. అయిదు వేళ్లుండి ఈకలు గట్టిగా, నునుపుగా వస్తుంటే అది సంకరమే. రెక్క పెద్ద ఈకల్లో, తోక ఈకల్లో కొంచెం గట్టితనం ఉండొచ్చు, దానికి కంగారు పడొద్దు.

వేళ్లు అయిదూ ఉండి లోపలికి ముడుచుకుపోతుంటే సంగతి వేరు. బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో) న్యూస్‌పేపర్ మీద కాళ్లు జారడమో, మేతలో బి2 విటమిన్ తక్కువ కావడమో కారణం. పేపర్ తీసేసి ఊక గానీ గోనె సంచి గానీ పరవండి, నీళ్లలో బి కాంప్లెక్స్ కలపండి. మొదటి రోజుల్లోనే చేస్తే చాలా పిల్లలు తేరుకుంటాయి.

చర్మం గులాబీ రంగులో ఉంది, తురాయి రంపంలా ఉంది

పొట్ట మీద మెల్లగా ఊదండి. ఈకల కింద నీలం కలిసిన నలుపు కనపడాలి. ముక్కు, కాళ్లు, గోళ్లు కూడా ముదురు రంగులో ఉండాలి, కళ్లు నల్లగా ఉండాలి. గులాబీ మచ్చలు, తెల్లటి గోళ్లు, లేత కళ్లు కనిపిస్తే వెనక ఎక్కడో వేరే రక్తం కలిసినట్టు. రంపం పళ్లలాంటి నిలువు తురాయి కూడా అంతే. అయితే నలుపు ఒక్కటే సిల్కీకి సాక్ష్యం కాదు, మధ్యప్రదేశ్ కడక్‌నాథ్‌దీ ఇదే నల్ల చర్మం. చెవి దగ్గరి తోలు నీలి మణి రంగులోకి రావడానికి మాత్రం టైం పడుతుంది, పిల్లల్లో దానికోసం వెతకొద్దు.

పుట్టినప్పుడు ముద్దుగా ఉండేది, రెండు నెలలకి పాడైపోయింది

పాడవలేదు. పిల్ల నూగు రాలి కొత్త ఈకలు వచ్చే దశ అది. మెడ సన్నబడుతుంది, కుచ్చు చెదిరిపోతుంది, వీపు మీద అతుకులేసినట్టు ఉంటుంది. ఈ నెలల్లో చాలామంది మంచి పిల్లల్ని చవగ్గా ఇచ్చేస్తారు. వేళ్లు, చర్మం, తురాయి బాగున్న ఏ పిల్లనీ ఆరు నెలల లోపు వదులుకోకండి. ఈ వయసులో రెక్క ఒక్కసారి విప్పి చూడండి. పెద్ద ఈకల వరస మధ్యలో దువ్వెన పన్ను విరిగినట్టు ఖాళీ ఉంటే అది చీలిన రెక్క. సిల్కీల్లో తరచూ వచ్చే లోపం, పిల్లలకీ దిగుతుంది.

ఎదిగిన సిల్కీ బరువు ఒకరు కిలో అంటారు, ఇంకొకరు రెండు కిలోలంటారు

రెండూ తప్పు కాదు. అమెరికాలో సిల్కీని పొట్టి జాతి కింద లెక్కిస్తారు, 1874 నుంచే వాళ్ల కోడి జాతుల ప్రమాణ పుస్తకంలో ఉంది. అక్కడ పుంజు కిలోకి కాస్త పైన, పెట్ట 900 గ్రాములు. బ్రిటన్‌లో పెద్ద కోడి కిందే లెక్క, పుంజు 1.8 కిలోలు, పెట్ట 1.36. మీ పిల్లల తల్లిదండ్రులు ఏ వరసవో అడిగి, దాన్నిబట్టి తూయండి.

తెల్ల పిల్ల పసుపెక్కుతోంది, కుచ్చు కళ్లలో పడుతోంది

పసుపు రంగు ఎండ వల్ల. మన వేసవిలో తెల్లవాటిని పొద్దున, సాయంత్రం మాత్రమే బయటికి వదలండి. ఎక్కిన పసుపు స్నానానికి పోదు, ఈక మార్పిడిలోనే పోతుంది. వానలో అసలు వదలొద్దు, ఈ ఈక నీళ్లని ఆపదు, ఒళ్లంతా నానిపోతుంది. కుచ్చుని కత్తిరిస్తే పోటీకి పోయినట్టే, కాబట్టి పోటీ పక్షికి మెత్తటి రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టి, మూడు రోజులకోసారి విప్పి పేలున్నాయేమో చూడండి. ఇంట్లో తిరిగే పక్షికైతే కళ్ల ముందు ఈకలు కత్తిరించేయడమే మేలు. చూపు ఆనక మేత దగ్గర వెనకబడే పిల్ల ఎంత మంచి వరసదైనా చిక్కిపోతుంది.