సెల్ఫ్ సరిగా తిరగని పాత కారు: బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడండి

పదేళ్లు దాటిన కారులో తాళం తిప్పగానే సెల్ఫ్ నీరసంగా తిరగడం, లేదా "టక్" మని ఒక్క చప్పుడు చేసి ఊరుకోవడం తరచుగా వచ్చే సమస్య. ఈ ఫిర్యాదుతో వచ్చే కార్లలో చాలావాటికి అప్పటికే కొత్త బ్యాటరీ బిగించి ఉంటుంది, కొన్నింటికి సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు (మోటారు లోపల కరెంటు అందించే బ్రష్షులు) కూడా మార్చి ఉంటారు. అంత ఖర్చుకు ముందే చేయవలసిన పరీక్షను మాత్రం ఎవరూ చేసి ఉండరు.

మొదట బ్యాటరీ సంగతి తేల్చుకోవాలి. రాత్రంతా ఆగి ఉన్న కారులో, ఉదయం తాళం తిప్పకముందే మల్టీమీటరుతో కొలిస్తే 12.6 వోల్టులు రావాలి. 12.2 దగ్గర ఉంటే ఛార్జి సగమే ఉన్నట్టు. ఛార్జి చేయించిన తరువాతే మిగతా పరీక్షలకు అర్థం ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వరకు చూపకపోతే ముందు డైనమో బెల్టును, తరువాత డైనమోను చూడాలి. టెర్మినల్ క్లాంపు చేతితో తిప్పితే కదులుతున్నా, దాని చుట్టూ తెల్లటి పొడి పేరుకున్నా, వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరబెట్టి గట్టిగా బిగించాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

ఇవన్నీ సరిగా ఉన్నా సెల్ఫ్ నీరసంగానే తిరుగుతుంటే, ముందుగా అనుమానించవలసింది ఎర్త్ వైరును. సెల్ఫ్ మోటారుకు కరెంటు లావు ఎర్ర వైరు ద్వారా వెళుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. అదే కరెంటు మోటారు ఒంటి నుంచి ఇంజనులోకి, అక్కడి నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలన్న సంగతి గుర్తుకు రాదు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కనుక బాడీతో దానికి నేరుగా లోహపు స్పర్శ ఉండదు. ఆ దారిని కలిపేది ఇంజనుకో గేర్‌బాక్సుకో బిగించిన ఒక స్ట్రాప్ లేదా వైరు మాత్రమే; ఎర్త్ అంటే అదే. చాలా కార్లలో అది బ్యాటరీ ట్రే కింద, వాన నీరూ బురదా తగిలే చోట ఉంటుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర రాగి పోగులు చిలుము పట్టి పచ్చటి పొడి అయిపోతాయి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఇది మరింత తొందరగా జరుగుతుంది. డెంటింగ్, పెయింటింగ్ పనిలో ఎర్త్ బోల్టు కింద రంగు పడినా, క్లచ్ ప్లేటు మార్చాక స్ట్రాప్ తిరిగి బిగించకుండా వదిలేసినా ఫలితం ఒకటే.

మెకానిక్కులు కూడా ఇక్కడ మోసపోవడానికి కారణం ఉంది. చిలుము పట్టిన ఎర్త్ గుండా హారను, లైట్లు, పాటలు అన్నీ పనిచేస్తాయి, ఎందుకంటే వాటికి కావలసిన కరెంటు తక్కువ. మల్టీమీటరు బీప్ పరీక్షలో కూడా వైరు బాగున్నట్టే చెబుతుంది. కానీ సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగితే, 0.02 ఓముల నిరోధం చాలు, 3 వోల్టులు దారిలోనే పోతాయి. కాబట్టి సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, మీటరును 20 వోల్టుల డీసీలో ఉంచండి. నల్ల పిన్నును క్లాంపుకు కాకుండా బ్యాటరీ నెగటివ్ సీసపు స్తంభానికే ఆనించండి. ఎర్ర పిన్నును ఇంజన్ మీద రంగులేని లోహానికి ఆనించి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ రెండు మూడు సెకన్లలో మీటరు 0.2 దరిదాపుల్లో ఉంటే ఎర్త్ మంచిదే, 0.5 దాటితే దోషం దొరికినట్టే. మీటరు లేనివారు జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగటివ్‌ను నేరుగా ఇంజన్ లోహానికి, బెల్టులకు దూరంగా, కలిపి సెల్ఫ్ కొట్టి చూడవచ్చు; అప్పుడు చురుగ్గా తిరిగితే ఇక సందేహం అక్కరలేదు. సెల్ఫ్ కొట్టిన తరువాత యాక్సిలరేటర్ కేబులో క్లచ్ కేబులో వేడెక్కడం, హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేవడం కూడా ఈ లోపానికి గుర్తులే. దారి మూసుకుపోయిన కరెంటు ఆ సన్నటి కేబుళ్ల గుండా తిరిగి వస్తోందన్న మాట, కాబట్టి వాటిని నిర్లక్ష్యం చేయకండి.

బాగుచేయడం కష్టం కాదు. నెగటివ్ తీసేసి, స్ట్రాప్ విప్పి, లగ్గునూ అది కూర్చునే చోటునూ లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్దాలి. తొడుగు లోపల పచ్చదనం కనిపిస్తే శుభ్రం చేయడంతో సరిపెట్టకుండా, పాతదాని కన్నా సన్నం కాని కొత్తది వేయించాలి. గ్రీజు, రంగు వంటివి బిగించిన తరువాత పైపైన పూయాలే తప్ప రెండు లోహాల మధ్య ఉండకూడదు. తరువాత మళ్లీ సెల్ఫ్ కొడుతూ కొలవండి. అంకె తగ్గకపోతే పని పూర్తి కాలేదు. బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే వైరును కూడా అలాగే చూడాలి.

ఎర్త్ బాగుందని తేలితే, బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు వరకు ఇదే పరీక్ష చేసి, అక్కడా 0.5 దాటకపోతే అప్పుడు మోటారు విప్పించండి. ఇగ్నిషన్ స్విచ్చు, ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే ఇంజనును స్టార్టు కానివ్వని ఏర్పాటు) దోషాలు అరుదు. డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు ఆగకుండా మినుకుతుంటేనో, "టక్" మనే చప్పుడు కూడా లేకపోతేనో వాటి జోలికి వెళ్లవచ్చు.