ఆర్ డేటాను సి డిక్లరేషన్లుగా మార్చే ముందు చూసుకోవాల్సినవి

ఆర్, సి రెండూ ప్రోగ్రామింగ్ భాషలు. ఆర్‌లోని డేటాను స్క్రిప్ట్‌తో సి కోడ్ ఫైల్‌లో డిక్లరేషన్లుగా, అంటే పేరూ విలువలూ చెప్పే లైన్లుగా, రాయిస్తున్నారా? అన్నిటికంటే ముందు దశాంశాలు. ఆర్ మామూలుగా 7 అంకెలే చూపిస్తుంది. 0.1 + 0.2 అంటే 0.3 అని ప్రింట్ చేస్తుంది, లోపల ఉన్నది మాత్రం 0.30000000000000004. తెరమీద కనిపించింది కాపీ చేస్తే విలువ మారిపోయినట్టే. డబుల్ (దశాంశ సంఖ్యల రకం) విలువలకు 17 అంకెలు రాయించండి.

మేట్రిక్స్ (అంకెల పట్టిక) అయితే ఇంకాస్త టెన్షన్. ఆర్ నిలువు వరుసల ప్రకారం దాస్తుంది, సి అడ్డ వరుసల ప్రకారం. 1 నుంచి 6 దాకా అంకెలతో 2 అడ్డ వరుసల మేట్రిక్స్ చేస్తే ఆర్‌లో మొదటి వరుస 1, 3, 5. అలాగే దించేస్తే సిలో అది 1, 2, 3 అవుతుంది. సి కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ కిమ్మనదు. రాసే ముందు ట్రాన్స్‌పోజ్ చేయండి, అంటే అడ్డ వరుసల్ని నిలువుగా తిప్పండి.

• ఖాళీ విలువలు: పూర్ణాంకాల్లో ఎన్‌ఏ అంటే లోపల -2147483648. సి దాన్ని మామూలు సంఖ్యగానే లెక్కేస్తుంది. ఏం చేయాలో ముందే తేల్చుకోండి.
• ఫ్యాక్టర్ (వర్గాలను దాచే ఆర్ డేటా రకం) కోడ్‌లు 1 నుంచి మొదలవుతాయి. సి అర్రేలో (విలువల వరుసలో) లెక్క 0 నుంచి కాబట్టి, ఇండెక్స్‌గా వాడాలంటే 1 తీసేయాలి.
• లక్షను ఆర్ 1e+05 అని రాయొచ్చు. అర్రే సైజు దగ్గర అది పడితే కంపైల్ కాదు. అదే నయం, తప్పు వెంటనే దొరుకుతుంది.
• కాలమ్ పేర్లలో చుక్కలుంటే అండర్‌స్కోర్‌లుగా మార్చండి. మార్చాక రెండు పేర్లు ఒకటైపోలేదు కదా?
• స్ట్రింగ్‌లలో (అక్షరాల విలువల్లో) కొటేషన్ గుర్తులు, బ్యాక్‌స్లాష్‌లు (\) ఉంటే వాటి ముందు బ్యాక్‌స్లాష్ చేర్చాలి.

తయారైన ఫైల్‌ను చేత్తో దిద్దొద్దు. స్క్రిప్ట్ మళ్లీ నడిపితే ఆ దిద్దుబాట్లన్నీ పోతాయి.