బేస్‌బాల్ సీజన్ చదవడం – 4వ పాఠం: కొత్త స్టేడియం, కొత్త మేనేజర్

గత పాఠంలో గెలుపు శాతం కట్టడం నేర్చుకున్నాం. గెలిచిన మ్యాచ్‌లను ఆడిన మ్యాచ్‌లతో భాగిస్తే సరి. ఈసారి ఆ లెక్కను నాకు ఎంతో ఇష్టమైన సీజన్ మీద ప్రయోగిద్దాం. 1970, అమెరికా మేజర్ లీగ్, సిన్సినాటి రెడ్స్.

1969లో రెడ్స్ 89 గెలిచి 73 ఓడింది. మేనేజర్ డేవ్ బ్రిస్టల్‌ని తీసేసి స్పార్కీ ఆండర్సన్‌ని పెట్టారు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే బ్యాటింగ్ ఆర్డర్ రాసేవాడు, పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాడిని, ఎప్పుడు మార్చాలో తేల్చేవాడు. మన క్రికెట్‌లో కెప్టెన్ చేసే పని చాలావరకు ఇక్కడ ఆయనదే. 1970 సీజన్ మొదలయ్యేనాటికి ఆండర్సన్‌కి 36 ఏళ్లు. ఆటగాడిగా పెద్ద లీగ్‌లో ఆడింది ఒక్క సీజనే.

సీజన్ మధ్యలో గ్రౌండ్ కూడా మారింది. జూన్ 24న పాత క్రాస్లీ ఫీల్డ్‌లో ఆఖరి మ్యాచ్. అక్కడ ఎడమవైపు అవుట్‌ఫీల్డ్‌లో గోడ దగ్గరికి వెళ్లేకొద్దీ నేల గట్టులా పైకి లేచేది. బంతినే చూస్తూ వెనక్కి పరుగెత్తే ఫీల్డర్ కాలికి ఆ ఎత్తు తగిలితే తూలిపోయేవాడు. జూన్ 30న తెరిచిన రివర్‌ఫ్రంట్ స్టేడియంలో నేల చదును, పైన కృత్రిమ పచ్చిక. పరుగు తీసేటప్పుడు తాకే బేస్‌ల దగ్గర, పిచ్చర్ నిలబడే మౌండ్ దగ్గర, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర మాత్రమే మట్టి. అలాంటి నేల మీద బంతి వేగం తగ్గకుండా దూసుకుపోతుంది.

సీజన్ చివరికి రెడ్స్ 102 గెలిచింది, 60 ఓడింది. గెలుపు శాతం .630, అంటే వందకి 63. మరి ఈ ఘనత గ్రౌండ్‌దా, మేనేజర్‌దా?

ముందు సొంత గ్రౌండ్ లెక్కని, బయటి లెక్కని విడగొట్టండి. సొంత గ్రౌండ్‌లో 57–24 (57 గెలుపులు, 24 ఓటములు), బయట 45–36. సొంత గ్రౌండ్‌లో గెలుపులు ఎక్కువే. కానీ ఆ 57లో రెండు స్టేడియంల మ్యాచ్‌లు కలిసిపోయి ఉన్నాయి, కాబట్టి తేదీల వారీగా చూడకుండా రివర్‌ఫ్రంట్‌కి మార్కులు వేయకూడదు. బయట సాధించిన .556తో కొత్త స్టేడియానికి ఏ సంబంధమూ లేదు.

తర్వాత ఆటగాళ్లను చూడండి. జానీ బెంచ్ 45 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి), టోనీ పెరెజ్ 40. ఇక బ్రిస్టల్ సంగతి. ఆయన అదే ఏడాది మిల్వాకీ బ్రూవర్స్‌కి మేనేజర్ అయ్యాడు. ఆ జట్టు 65–97. అదే జట్టు అంతకుముందు ఏడాది వేరే మేనేజర్ కింద సియాటిల్‌లో ఉన్నప్పుడు 64–98. మనిషి మారాడు, ఊరు కూడా మారింది, పెరిగింది ఒక్క గెలుపు. అందుకే మేనేజర్ పేరు చూసి తొందరపడకండి అంటాను.

ఇప్పుడు గేమ్స్ బిహైండ్, అంటే అగ్రస్థానానికి ఎంత వెనక ఉన్నారో చెప్పే లెక్క. రెండో స్థానంలో ఉన్న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 87–74. గెలుపుల తేడా 15, ఓటముల తేడా 14. రెండూ కలిపి సగం చేస్తే 14.5.

మీ వంతు: అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ కూడా జూలై 16న త్రీ రివర్స్ స్టేడియానికి మారింది, డానీ మర్టా మళ్లీ మేనేజర్‌గా వచ్చాడు. 1969లో 88–74, 1970లో 89–73. రెండో స్థానంలో షికాగో కబ్స్ 84–78. తేడా ఎంతో కట్టండి. పైరేట్స్‌కి కలిసొచ్చింది ఏమిటో చెప్పడానికి ఇంకా ఏ అంకెలు కావాలో కూడా రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.