సర్కారు తుమ్మ దారిలో సైకిల్: ట్యూబు, టైరు, చైను ఇంట్లోనే చూసుకోవడం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సైకిల్‌కు మొదటి శత్రువు సర్కారు తుమ్మ. చెరువు కట్ట మీద అదే, కాల్వ గట్టు వెంట అదే, చేను చుట్టూ వేసిన కంపలోనూ అదే. దాని ముల్లు టైరులో దిగాక మొన విరిగి లోపలే ఉండిపోతుంది. పైనుంచి తడిమితే ఏమీ తగలదు. పొద్దున అతికించిన ట్యూబు సాయంత్రానికి మళ్లీ కూర్చుంటే, తిట్లు మాత్రం పంచర్ వేసినాయనకు పడతాయి. వానలు తగ్గాక చెల్కల్లో, బాటల పక్కన నేలకు అతుక్కుని కాసే పల్లేరు కాయలు దీనికి తోడు. అవి ఒకటి గుచ్చుకుంటే నాలుగు గుచ్చుకున్నట్టే.

గాలి పోయిన ప్రతిసారీ పంచర్ అనుకోవద్దు. పెద్ద నల్ల సైకిళ్లలో గాలిని ఆపేది వాల్ లోపలి కాడకు తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం. దాన్నే వాల్ ట్యూబు అంటారు. మన ఎండలకు అది గట్టిపడి పగులుతుంది. రాత్రి నిండుగా ఉన్న టైరు తెల్లారేసరికి మెత్తబడితే మొదటి అనుమానం దాని మీదే పెట్టాలి. వాల్ నోటి మీద కొంచెం ఉమ్మి రాసి చూడండి, బుడగ లేస్తే దోషి దొరికినట్టే. కాడ బయటికి తీసి పాత రబ్బరు గోకేయండి. కొత్త ముక్కను నీళ్లతో తడిపి, కాడ పక్కన ఉన్న చిన్న బొక్క పూర్తిగా మూసుకునేదాకా తొడగండి. పొడిగా లాగితే చిరుగుతుంది. ఎండకాలం మొదలయ్యే ముందు ఒకసారి మార్చేస్తే ఏడాదంతా ఆ తలనొప్పి ఉండదు. గేర్ల సైకిళ్లలో చాలావాటికి మోటార్ సైకిల్ రకం వాల్ ఉంటుంది. అందులో వాల్ ట్యూబు ఉండదు, లోపలి పిన్ను వదులైందేమో చూసి బిగిస్తే చాలు.

ఇక నిజంగానే పంచర్ అయితే చక్రం విప్పే పనే లేదు. నేల మీద గోనె సంచి పరిచి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టండి. మొదట చక్రాన్ని మెల్లగా తిప్పుతూ టైరు చుట్టూ చూడండి. ముల్లు కనిపిస్తే వెంటనే పీకకుండా అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. వాల్ ఉన్నచోట టైరు మీద ఇంకో గీత పెట్టండి. ఈ రెండో గీత చాలా మంది వదిలేస్తారు, అసలు ఉపయోగం దానిదే. ట్యూబులో బొక్క వాల్‌కు ఎంత దూరంలో ఉందో తెలిస్తే, టైరులో ముల్లు ఎక్కడ దాక్కుందో వెంటనే దొరుకుతుంది.

గాలి పూర్తిగా తీసి, చైను లేని వైపు నుంచి టైరు అంచును లివర్లతో లేపండి. స్క్రూ డ్రైవర్ వాడితే ఒక పంచర్‌కు రెండు అవుతాయి. లివర్లు లేకపోతే గట్టి స్టీలు చెంచాల కాడలు పనికొస్తాయి. ట్యూబును బయటికి లాగి కొద్దిగా గాలి కొట్టి, బకెట్ నీళ్లలో ముక్క ముక్కగా ముంచి చూడండి. ఒక బొక్క దొరికిందని ఆగిపోవద్దు, చుట్టంతా చూడాలి.

బొక్క ఎక్కడుందో చూస్తే కారణం తెలిసిపోతుంది. ట్యూబు బయటి వైపు, నేలకు ఆనే చోట ఉంటే ముల్లో మేకో. లోపలి వైపు, రిమ్ముకు ఆనే చోట ఉంటే చక్రం పుల్ల (స్పోక్) కొన పొడుచుకొచ్చి ఉంటుంది, లేదా ఆ కొనలు తగలకుండా వేసే రిమ్ టేపు జరిగి ఉంటుంది. ఆ కొనను ఆకురాయితో రాకి, కొత్త టేపు వేయకుండా ఎన్ని ప్యాచీలు వేసినా దండగే. పక్కపక్కన రెండు చిన్న చీలికలు, పాము కాటులా కనిపిస్తే ముల్లును వెతకొద్దు. గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి, ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగింది. వాల్ మొదట్లో చిరిగితే దానికీ మూలం తక్కువ గాలే: టైరు రిమ్ము మీద జారుతూ ట్యూబును వెంట లాగింది. అక్కడ ప్యాచీ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

ఇప్పుడు అతికించడం. బొక్క చుట్టూ ప్యాచీ కంటే కొంచెం ఎక్కువ మేర గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. ట్యూబు మీద అచ్చు గీత లేచి ఉంటే దాన్నీ చదును చేయండి, లేకపోతే దాని వెంటే గాలి పాకుతుంది. సొల్యూషన్ పలచగా రాయండి. మందంగా రాస్తే గట్టిగా పడుతుందనుకోవడం పొరపాటు. రాసిన వెంటనే అతికించడం ఇంకా పెద్ద పొరపాటు. తడి మెరుపు పోయి, అంచును వేలితో తాకితే జిగురుగా ఉండి వేలికి అంటకుండా ఉండాలి. ఎండకాలంలో దానికి రెండు మూడు నిమిషాలు చాలు, ముసురు రోజుల్లో ఏడెనిమిది పట్టొచ్చు. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ చేరి అతుకు లేస్తుంది. ప్యాచీ నడిమి భాగం బొక్క మీదికి వచ్చేలా పెట్టి, నడుమ నుంచి అంచులకు గట్టిగా నొక్కండి, పాన వెనుక భాగంతో రుద్దండి. పాత ట్యూబు ముక్కను వాడేట్టయితే మూలలు గుండ్రంగా కత్తిరించి, దాన్నీ రుద్ది, రెండు వైపులా సొల్యూషన్ రాయాలి. చివర కొంచెం ముఖానికి రాసుకునే పౌడర్ చల్లితే అతుకు టైరుకు అంటుకోదు.

ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల దూది ఉండతో గానీ పాత గుడ్డతో గానీ చుట్టూ తుడవండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ ముల్లు మొన ఉంది. వేలితో వెతికితే వేలే పంచర్ అవుతుంది. మొనను పట్టకారుతోనో గోరుగల్లుతోనో లాగేయండి. తర్వాత ట్యూబుకు గుండ్రంగా నిలబడేంత గాలి పెట్టి, వాల్ దగ్గర మొదలుపెట్టి చేతులతోనే టైరు అంచును లోపలికి తోయండి. ఆఖరి జానెడు గట్టిగా ఉంటుంది. అక్కడ లివర్ పెడితేనే కొత్త బొక్క పడేది. ఎదురు వైపు అంచును రిమ్ము లోతులోకి నొక్కితే ఇక్కడ వదులు దొరుకుతుంది. పూర్తిగా గాలి కొట్టేముందు టైరును రెండు పక్కలా ఒత్తి, కింద ట్యూబు ఇరుక్కుందేమో చూడాలి.

నడి ఎండలో నిలబెట్టిన సైకిల్ టైరు పేలితే అందరూ ఎండను తిడతారు. లెక్క చూస్తే 25 డిగ్రీల దగ్గర 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరు 60 డిగ్రీలకు వేడెక్కినా పెరిగేది ఏడెనిమిది పీఎస్‌ఐ మాత్రమే. బాగున్న టైరు దానికి పేలదు. పేలేది అంచు కింద ట్యూబు ఇరుక్కున్నదో, పక్కన గుడ్డ పోగులు బయటపడ్డదో. ఆ భయంతో ఎండకాలమంతా గాలి సగమే కొట్టి తిరగడం వల్లే పాముకాటు పంచర్లు ఎక్కువవుతాయి. ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. పెద్ద సైకిల్‌కు మామూలుగా 45 నుంచి 55 పీఎస్‌ఐ, లావు టైర్ల గేర్ల సైకిల్‌కు 40 నుంచి 50. పాల క్యానో గడ్డి మోపో వేసుకునేవాళ్లు వెనక టైరును ఎప్పుడూ నిండుగా ఉంచాలి. మీటరు లేకపోతే సీటు మీద కూర్చుని కిందికి చూడండి, టైరు నేల దగ్గర కాస్త ఉబ్బాలి గానీ పరుచుకోకూడదు.

కొత్త టైరు కొనేటప్పుడు సైజు పూర్తిగా చదవండి. 26 అని రాసినవన్నీ ఒకటి కావు: 26×1⅜ టైరు మీద 37-590 అని ఉంటుంది, 26×1.95 మీద 559 అని ముగుస్తుంది. ఆ చివరి అంకె టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. ఒకదాని రిమ్ముకు ఇంకొకటి ఎక్కదు. 28×1½ అయితే 635. కొత్తది ముందు చక్రానికి, ముందున్న మంచిది వెనక్కి వేయడం మేలు. వెనక టైరు పోతే సైకిల్‌ను ఆపుకోవచ్చు, ముందుది పోతే పడతాం. సైకిల్‌ను నెలల తరబడి వాడకపోతే గాలి లేకుండా నిలబెట్టొద్దు, మడత పడ్డచోట పక్కలు పగులుతాయి.

చైను పాడయ్యేది ఎక్కువగా నూనె మీద చేరిన ఎర్ర దుబ్బతో. రెండూ కలిసి చైనును ఆకురాయిలా అరగదీస్తాయి. గ్యాసునూనె (కిరోసిన్) దొరక్కపోతే డీజిల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేయండి. పది నిమిషాలయ్యాక పైపైన ఉన్నదంతా తుడిచేయండి, పని చేసేది లోపలికి దిగిన నూనే. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురుకడుతుంది. బండి ఇంజన్ నుంచి తీసిన పాత ఆయిల్‌లో ఇనుప రజను ఉంటుంది. గ్యాసునూనె టైరుకూ బ్రేకు రబ్బరుకూ తగలనివ్వొద్దు, చక్రం నడుమనున్న హబ్బులో అసలే పోయొద్దు, గ్రీజు కొట్టుకుపోతుంది. చైను మధ్యలో వేలితో లేపితే అర అంగుళం ఆడాలి. కొత్త చైనులో 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు. అది ఎనిమిదో వంతు అంగుళం సాగిందంటే మార్చాలి, లేకపోతే పళ్ల చక్రాన్నీ తినేస్తుంది.

బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో తిరిగేవాళ్లు వానకాలం మడ్‌గార్డు లోపల మట్టి ఎండకముందే పుల్లతో గీకాలి, ఎండితే టైరును రాసుకుంటుంది. చక్రం పక్కలకు ఊగితే ఇరుసు మీద బేరింగును పట్టి ఉంచే కోను బిగించి, ఊగుడు పోయాక స్వేచ్ఛగా తిరిగేంత మేర వెనక్కి వదలండి. పెడల్ కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను, వెనక పళ్ల చక్రమైన ఫ్రీవీలు పనులు షాపుకే వదిలేయడం మంచిది.

పెడల్ మాత్రం ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. అది తెలియక పాన మీద ఎక్కి తొక్కినవాళ్లు పెడల్‌తో పాటు క్రాంకు (పెడల్ కాడ) కూడా కొనుక్కోవాల్సి వస్తుంది.