దవడ ఆపరేషన్ తర్వాత – 3వ పాఠం: ఫ్లాప్‌ను కనిపెట్టి ఉండటం

కాలిలోని ఫిబులా ఎముకను, దాని మీది చర్మాన్ని రక్తనాళాలతో సహా తీసి దవడలో ఎలా అమరుస్తారో పోయిన పాఠంలో చూశాం. 1989లో సర్జన్ హిడాల్గో ఈ పద్ధతిలో దవడను తిరిగి కట్టిన ఫలితాలు ప్రచురించాక, పెద్ద లోపాలకు ఎక్కువమంది సర్జన్లు దీన్నే ఎంచుకుంటున్నారు. ఇలా తెచ్చి అమర్చిన ముక్కనే ఫ్లాప్ అంటాం. ఆ ముక్క ప్రాణమంతా మెడలో కుట్టిన ఒకటి రెండు మిల్లీమీటర్ల నాళాల్లో ఉంది. అవి గడ్డకట్టి మూసుకుపోయేది ఎక్కువగా మొదటి 72 గంటల్లోనే. వార్డు నర్సులుగా మన కళ్లకు పని పడేది అప్పుడే.

ముందు మీ వేలిగోరు నొక్కి వదలండి. తెల్లబడి, దాదాపు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడుతుంది. ఫ్లాప్ చర్మం మీద కూడా గ్లవ్స్ వేసుకుని ఇలాగే మెల్లగా నొక్కి చూడాలి. పాలిపోయి, చల్లబడి, రంగు ఆలస్యంగా వస్తుంటే ధమనిని అనుమానించండి. నీలం తిరిగి, ఉబ్బి, వదిలీ వదలకముందే రంగు వచ్చేస్తే సిర మూసుకుపోతోందేమో. కొత్తలో నేను పొరబడింది ఇక్కడే: రంగు చురుగ్గా వస్తోంది కదా, రక్తం బాగా ఆడుతోందనుకున్నాను. నిజానికి లోపలికి వచ్చిన రక్తానికి బయటికి పోయే దారి లేదు. ధమని కన్నా సిర మూసుకుపోవడమే ఎక్కువ, అందుకే ఈ నీలాన్ని మనసులో ముద్ర వేసుకోండి.

రంగును నోటి లోపలి ఎరుపుతో పోల్చకండి. ఫ్లాప్‌ది కాలి చర్మం, కాలి రంగులోనే ఉంటుంది. చామనఛాయ ఒంట్లో మార్పు తేలిగ్గా కనబడదు. కాబట్టి ప్రతిసారీ ఒకే టార్చి వెలుగులో చూడండి, డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ కలిసి చూడండి.

అనుమానం వస్తే వచ్చే గంట దాకా ఆగొద్దు, వెంటనే సర్జన్‌ను పిలవండి. త్వరగా తిరిగి థియేటర్‌కు తీసుకెళ్తే చాలా ఫ్లాపులు దక్కుతాయి. పిలిచాక అంతా బాగానే ఉందని తేలినా అది తప్పు పిలుపు కాదు.

మెడ చుట్టూ ట్రెకియాస్టమీ (మెడలో పెట్టిన శ్వాస గొట్టం) టేపు బిగించకండి, కింద ఉన్న నాళం నలిగిపోతుంది. తల ఎటు తిప్పి ఉంచాలో సర్జన్‌నే అడగండి. ఎముక తీసిన కాలి వేళ్లు కదులుతున్నాయో లేదో కూడా చూడండి. పిక్కలో నొప్పి మందులకు లొంగకుండా పెరుగుతుంటే అదీ అప్పటికప్పుడు చెప్పాల్సిందే.

అభ్యాసం: వేర్వేరు చర్మపు రంగులున్న పదిమంది గోళ్లు నొక్కి, సెకన్లు లెక్కపెట్టి రాసుకోండి. నోరు తెరిచే వ్యాయామాలు 4వ పాఠంలో.