రెండు చీటీలు, ఒక గుడ్డసంచీ

పర్లాకిమిడిలో మాకు చిన్న జబ్బుకి ఊళ్లో డాక్టరు, పెద్ద జబ్బుకి పాతపట్నం దాటి విశాఖ. మూడేళ్లుగా విశాఖ డాక్టరు రాసిన డిప్రెషన్ మాత్ర ఎసిటాలోప్రామ్ వేసుకుంటున్నాను. కిందటేడు నడుం పట్టేస్తే ఇక్కడ ఒక డాక్టరు నొప్పిమాత్ర రాస్తూ, "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. పక్క బల్ల మీద మా వీధివాళ్లు. "బీపీ మాత్ర ఒక్కటే" అన్నాను.

ఆ నొప్పిమాత్రలో పారాసిటమాల్‌తో పాటు ట్రమడాల్ కూడా ఉంది. మర్నాటికి చేతులు వణుకు, బనీను తడిసే చెమట, విరేచనాలు, గుండెదడ. మా ఆవిడ గ్యాస్ అనుకుంది. ఆస్పత్రికి వెళ్తే, రెండూ కలిసి ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మోతాదు మించిందన్నారు. దాచింది నేనే, ఎవర్నని ఏం లాభం?

అందుకే ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ గుడ్డసంచీలో వేసుకుపోతాను. చీటీలు చాలవు, ఆ చేతిరాత మందుల షాపువాడికే అర్థం కావాలి. స్ట్రిప్పు మీద బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు కూడా ఉంటుంది, చూడాల్సింది అదే. పదిమందిలో చెప్పడానికి మొహమాటమైతే నోరు విప్పకండి, స్ట్రిప్పు బల్ల మీద పెట్టండి.

డిప్రెషన్ మాత్ర వేసుకునేవాళ్లు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు అడక్కుండా మింగొద్దు, కడుపులో రక్తం కారొచ్చు. మలం తారులా నల్లగా వస్తే అదే గుర్తు. రక్తం పలచబరిచే ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడే గుండె జబ్బువాళ్లకి ఈ భయం ఇంకా ఎక్కువ. మొండి టీబీకిచ్చే లినెజోలిడ్‌తో కూడా సెరటోనిన్ మించొచ్చు, దాని సంగతి తప్పకుండా చెప్పాలి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న పొడిదగ్గు సిరప్ సంగతీ అంతే. పెద్దవయసువాళ్లకి బీపీ కోసం నీరు తీసే మాత్ర కూడా ఉంటే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి తికమకపడొచ్చు. దాన్ని మతిమరుపని వదిలేస్తాం.

ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్రది మరో పేచీ. ఆపేశాక కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, కాబట్టి "ఇప్పుడు వాడట్లేదు" అంటే చాలదు, ఎప్పుడు ఆపారో చెప్పండి.

ఇది చదివి భయపడి మీ మాత్ర మీరే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, చిరాకు, నిద్ర పట్టకపోవడం. జ్వరం పేలిపోతూ, కండరాలు బిగుసుకుని, మాట తడబడితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, సంచీ కూడా పట్టుకెళ్లండి.